సిఫారసు సారు

వికారాబాదు నుంచి తాండూరు దాకా ఏ పెళ్లికి వెళ్లినా ఆయన ఉంటాడు. బఫే లైన్లో ప్లేటు పట్టుకుని సరిగ్గా మీ పిల్లాడి వెనకే నిలబడతాడు. "ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అంటాడు. "నైన్త్ సార్" అంటాడు పిల్లాడు. "క్లాసు కాదు, ఏం పుస్తకం చదువుతున్నవ్?" అప్పటికి గానీ వాడికి తను ఇరుక్కున్నట్టు తెలియదు. వెనక్కి పోదామంటే సారు, ముందుకు పోదామంటే మటన్ గిన్నె దగ్గర జనం.

సారంటే బడిపంతులే కానక్కర్లేదు. బ్యాంకులో రిటైరై ఉండొచ్చు, మార్కెట్ యార్డులో కందుల కమీషన్ ఏజెంటు కావచ్చు, తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ పెట్టినవాడు కావచ్చు. యాభై దాటి ఉంటాడు, జేబులో పెన్ను ఉంటుంది. ఆ పెన్నుతో డాక్టరు మందుల చీటీ రాసినట్టు పుస్తకాల చీటీ రాస్తాడు. పెళ్లి కార్డు వెనకా, రైలు టికెట్టు వెనకా, కాగితం దొరక్కపోతే కందిపప్పు ప్యాకెట్టు మీదా. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ప్యాకెట్టు మీది సిఫారసుకు మాత్రం ఇంకా రాలేదు. అనంతగిరి గాలికి క్షయ నయమవుతుందని నిజాం జమానాలో కొండ మీద శానటోరియం కట్టారు. ఫోన్ రోగానికి పుస్తకం గాలి తగిలితే చాలన్నది సారు నమ్మకం.

వయసును బట్టి మోతాదు ఉంటుంది. ఐదో తరగతికి చందమామ. "ఇప్పుడు వస్తలేదు గద సార్" అని తండ్రి నసుగుతాడు. "అదే మన దౌర్భాగ్యం" అని సారు నిట్టూర్చి, 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. కొడవటిగంటి కుటుంబరావు దగ్గర కాసేపు ఆగుతాడు. శంకర్ గీసిన బేతాళుడి బొమ్మ దగ్గర కళ్లు మూస్తాడు. ఆయన కళ్లు తెరిచేసరికి పిల్లాడు ఐస్‌క్రీమ్ దగ్గర ఉంటాడు. చివరికి వాడికి దక్కేది దొరకని పత్రిక పేరొక్కటే.

ఎనిమిదికి గోర్కీ 'అమ్మ'. పదికి గాంధీ 'సత్యశోధన'. ఇంటర్‌కు కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ', దాని వెంట యండమూరి 'విజయానికి ఐదు మెట్లు'. మగపిల్లాడు ఒంటరిగా దొరికితే గొంతు తగ్గించి చలం పేరు కూడా చెబుతాడు. ఆడపిల్లయితే పక్కన తండ్రి ఉంటాడు కాబట్టి మొల్ల రామాయణంతో సరిపెడతాడు. ఎవరికైనా సెలవులుంటే విశ్వనాథ 'వేయిపడగలు'. అది దాదాపు వెయ్యి పేజీలుంటుందని పిల్ల భయపడితే సారుకు కోపం వస్తుంది. "సంక్షిప్తం గింక్షిప్తం ముట్టొద్దు. చదివితే పూర్తిగ చదవాలె, లేకుంటే రచయితను అవమానించినట్టు."

ఇంతకూ సారు పద్నాలుగో ఏట ఏం చదివాడు? ఎనభైల్లో బస్టాండుల దగ్గర అద్దె పుస్తకాల కొట్లు ఉండేవి. ఆయన ఈడు వాళ్లు సోషల్ పుస్తకం తెరిచి, దాని నడుమ మధుబాబు షాడోను పెట్టుకుని చదివారు. రాత్రికి రాత్రి చదివి పొద్దున వాపసు ఇచ్చేవాళ్లు, లేకుంటే ఇంకో రోజు కిరాయి పడేది. ఇవాళ కళ్లజోడు లేనిదే ముద్ద ఎత్తలేని ఆ కళ్లలో సగం చూపు షాడో ఖాతాలోనే పోయింది. ఆ పేరు మాత్రం చీటీలో ఉండదు. చీటీలో ఉండేవి ఆయన చదివిన పుస్తకాలు కావు, చదివి ఉంటే బాగుండేదని ఆయన అనుకునేవి. పిల్లాడికి రాసిచ్చేది నిజానికి తన బాల్యానికి రాసుకున్న సవరణ.

సారు అడగనిది ఒకటుంది. బిడ్డా, మీ ఇంట్లో ఏం మాట్లాడతరు? తాండూరులో ఇది చిన్న ప్రశ్న కాదు. కాస్త అటు పోతే సేడం, చించోలి, కర్ణాటకే. ఒక ఇంట్లో కన్నడం, పక్కింట్లో ఉర్దూ, తండాలో గోర్ బోలీ, బజారుకొస్తే అన్నీ కలిసిన తెలుగు, బడికెళ్తే ఇంగ్లిష్ మీడియం. 2018లో చట్టం చేసి రాష్ట్రంలో తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరి చేశారు. దాంతో పిల్లలు తెలుగును మార్కులకు సరిపడా చదువుతున్నారు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి. అలా వేలు పెట్టి చదివే పిల్ల చేతికి విశ్వనాథను ఇవ్వడమంటే కాగ్నాలో కూడా ఈదని దాన్ని గోదాట్లో తొయ్యడమే.

వాళ్లకు తగిన పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. 'మంచి పుస్తకం' ప్రచురణల వాళ్లు ఏళ్లుగా పల్చటి, పెద్దక్షరాల బొమ్మల పుస్తకాలు వేస్తూనే ఉన్నారు. తూలిక వాళ్ల పుస్తకాలు కొన్నిట్లో ఒకే పేజీలో తెలుగూ ఇంగ్లిషూ రెండూ ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లయితే ఏ స్థాయి పిల్లలకో అట్ట మీదే వేస్తారు. పుస్తక ప్రదర్శనలో అలాంటిదొకటి సారు చేతికిచ్చి చూడండి. అటూ ఇటూ తిప్పి, "ఇరవై పేజీలా? ఇది పుస్తకమా, కరపత్రమా?" అంటాడు. పైగా అందులో సందేశం ఎక్కడుందో వెతుకుతాడు. పిల్లి పాలు తాగి నిద్రపోతే కథ అయిపోయిందంటే ఆయనకు మింగుడుపడదు. దొంగతనం తప్పని ఆ పిల్లికి ఎవరూ చెప్పలేదు కదా!

సారు సిఫారసు ఒక్కసారి అద్భుతంగా ఫలించింది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన 'తొత్తోచాన్' తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. పాత రైలు పెట్టెల్లో నడిచిన బడి, బెంచీ మీద కుదురుగా కూర్చోలేని పిల్ల, ఆ పిల్ల చెప్పేదంతా గంటల తరబడి విన్న హెడ్మాస్టరు. సారుకు ఇదంతా తెలియదు, పేరు మాత్రం తెలుసు. వికారాబాదు జంక్షన్లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ కోసం చూస్తుంటే, రైల్వే ఉద్యోగాల పరీక్షకు తయారవుతున్న కుర్రాడొకడు తగిలాడు. "రైలుబడి చదువు, నీకు మస్తు పనికొస్తది" అన్నాడు సారు. పాపం ఆ పిల్లాడు వెతికి మరీ కొన్నాడు. సిగ్నళ్ల గురించీ గేజీల గురించీ ఒక్క బిట్టు కూడా లేదని తెలుసుకుని మూలన పడేశాడు. ఏడో తరగతి చదివే చెల్లెలు ఆ మూలలోంచి తీసుకుని రెండుసార్లు చదివింది. ఆమెకు దాన్ని చదవమని ఎవరూ చెప్పలేదు, అందుకే చదివిందని నా అనుమానం.

ఇక సారు ఇంటి అల్మారా. టేకు చెక్క, అద్దాల తలుపులు, ఇత్తడి తాళం. లోపల పుస్తకాలన్నీ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని నిలబడి ఉంటాయి. అడిగితే "చూడు, చూడు" అంటాడు. చూడటమంటే అద్దంలోంచే. నవంబర్ 14న బాలల దినోత్సవంతో పాటు గ్రంథాలయ వారోత్సవాలు కూడా మొదలవుతాయి. ఆ రోజు మైకు సారుదే. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాల మూటతో ఊరూరా తిరిగి అమ్మిన సంగతి చెబుతుంటే సారు గొంతు నిజంగానే పూడుకుపోతుంది. ఒకసారి ముందు వరసలోంచి ఓ పిల్ల లేచి, "సార్, మీ దగ్గర ఆయన 'ప్రజల మనిషి' ఉన్నదంట గద, చదివి ఇస్తా" అన్నది. మైకు కొంచెం కీచుమన్నది. "అదే బిడ్డా, గ్రంథాలయాలను మనం కాపాడుకోవాలె" అని సారు వందన సమర్పణ దాకా వెళ్లిపోయాడు.

తాళంచెవి మేడమ్ కొంగున ఉంటుంది. సారు పెళ్లిళ్లకు తిరిగే ముహూర్తాల రోజుల్లో మధ్యాహ్నం పూట అల్మారా తెరుచుకుంటుందని కాలనీ పిల్లలందరికీ తెలుసు. వరసల్లో ఖాళీలు వస్తాయి, పోతాయి. సారు గమనించడు. గమనించాలంటే ఆయన కూడా దాన్ని తెరవాలి కదా.

అయినా ఆయన్ని పూర్తిగా తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. అదే పెళ్లిలో మిగతా పెద్దలంతా పిల్లల్ని ఎన్ని మార్కులు, ఏ కాలేజీ, ఎంత ర్యాంకు అనే అడుగుతారు. మార్కుల ఊసు లేని ప్రశ్న అడిగేది ఈయనొక్కడే. అడిగాక జవాబు కోసం ఒక్క నిమిషం ఆగితే ఇంకేం కావాలి! ఆగడు, చీటీ రాయాలి.

మొన్నామధ్య తాండూరు వెళ్లే రైల్లో, సారు ఎదుటి సీట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్లో బొమ్మలు జరుపుతూ కూర్చుంది. సారు పెన్ను తీశాడు. "ఏం చదువుతున్నవమ్మా?"

"వన్ పీస్ సార్. జపాన్ బొమ్మల కథ. 1997ల మొదలైంది, ఇంక నడుస్తనే ఉన్నది. వంద సంపుటాలు దాటినయ్." చెబుతుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "మీరు చదవలేదా? తప్పకుండ చదవాలె సార్. మొదటినుంచి వరుసగ చదవాలె, నడుమల వదిలిపెట్టొద్దు. మొదట్ల కొంచెం ఓపిక పట్టాలె, తర్వాత అదే గుంజుకపోతది."

అని సారు చేతిలోని పెన్ను తీసుకుని, సారు టికెట్టే వెనక్కి తిప్పి, పేరు రాసి, కింద ఓడా అని రచయిత పేరు కూడా రాసిచ్చింది. ధారూరు దాటేదాకా సారు ఆ టికెట్టును చూస్తూనే ఉన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసి, మెల్లగా ముందుకు వంగాడు.

"అమ్మా, దీనికి సంక్షిప్త ప్రతి ఏమన్న ఉన్నదా?"