పులిహోర ఇంటి వేడి నా పూచీ

నన్ను చూసి ముచ్చటపడినవాళ్ళు ఎవరూ లేరు. అరంగుళం పొడవు కూడా లేని నల్లటి తల, దాని వెనక ఆరడుగుల సన్నటి తీగ, అంతే నేను. థర్మోస్టాట్ కొన్నవాళ్ళు పెట్టె మీద వెలిగే అంకెలు చూసి మురుస్తారు, బటన్లు నొక్కి చూస్తారు. నన్ను చుట్ట విప్పి ఎక్కడో ఓ మూల పడేస్తారు. నిజానికి ఆ పెట్టెకి వేడంటే ఏమిటో తెలియదు. నేను ఏది చెబితే దానికి అదే లోకం. నన్ను ప్రోబ్ అంటారు.

మా వంశం చిన్నదేమీ కాదు. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌ని పరీక్షిస్తూ ఓ వింత గమనించాడు. మామూలు లోహాలు వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకుంటాయి. ఇది మాత్రం వేడెక్కేకొద్దీ దారి ఇచ్చింది. ఆ గుణం మార్కెట్లో సరుకుగా మారడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1930లో అమెరికాలో శామ్యూల్ రూబెన్ అమ్మకానికి పనికొచ్చే థర్మిస్టర్ చేశాడు. నా తలలో ఉన్నదీ అలాంటి పూసే. లోహపు ఆక్సైడ్లు కలిపి కాల్చి చేస్తారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర నా నిరోధం 10 వేల ఓములు. సున్నా దగ్గర అది 32 వేలు దాటుతుంది, 50 డిగ్రీల దగ్గర మూడున్నర వేల చిల్లరకి దిగుతుంది. పెట్టె ఆ ఓములని డిగ్రీలుగా చదువుకుని హీటర్‌కి కరెంటు వదలాలో ఆపాలో తేల్చుకుంటుంది.

నేను అబద్ధం చెప్పను. అయితే నా తల ఏ చోటుకి ఆనితే ఆ చోటు సంగతే చెబుతాను. జానెడు అవతల నిప్పు రాజుకున్నా నాకు తెలియదు. నా బతుకులో జరిగిన గొడవలన్నిటికీ మూలం ఇదే.

నేను కాపురానికి వెళ్ళింది మిషిగన్ రాష్ట్రంలో ట్రాయ్ ఊళ్ళో ఓ తెలుగువారింటికి. అక్కడ జనవరిలో కిటికీ అవతల గడ్డకట్టే చలి. కిటికీకి దూరంగా బల్ల మీద గాజు తొట్టి, అందులో ఓ లెపర్డ్ గెక్కో. పసుప్పచ్చని ఒళ్ళు, దాని నిండా ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. ఆ ఇంటి పాప దానికి పులిహోర అని పేరు పెట్టింది.

అప్పుడే విజయనగరం నుంచి వచ్చిన అమ్మమ్మగారు తొట్టిలోకి తొంగి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఓలమ్మో! ఏటే ఇది? బల్లికి ఇల్లు కట్టేరా? మీద పడితే ఏ ఫలితమో పంచాంగం చూడాలి కదే!"

"ఇది మీద పడదు అమ్మమ్మా. దీనికి గోడ ఎక్కడమే రాదు," అంది పాప.

నిజమే. గోడబల్లి కాళ్ళకి ఉండే మెత్తలు ఈ జాతికి లేవు. గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉన్నాయి. కొవ్వంతా లావాటి తోకలో దాచుకుంటుంది. దీని సొంత ఊరు ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్, మన దేశపు వాయవ్య మూలల్లోని రాతినేలలు. దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమల్లోనే తిరుగుతుంది. అమ్మమ్మగారి ఊరి అవతలి కొండల్లో చుట్టరికం ఉన్న జీవే అన్నమాట.

ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని ప్రాణి ఇది. తిన్నది అరగాలన్నా పొట్ట కింద వెచ్చదనం ఉండాలి. రాతినేలలో దానికి నా అవసరం లేదు. పగలంతా కాగిన బండ కిందికి చేరుతుంది, చాలనిపిస్తే పగుల్లోకి జారుకుంటుంది. తొట్టిలో ఆ బండ బదులు ఒక మూల కింద హీట్ మ్యాట్ అతికించి ఉంటుంది. ఆ మూల నేల 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, అంటే అక్కడి లెక్కలో 90 నుంచి 93 ఫారన్‌హీట్. రెండో మూల చల్లగా, 25 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. రెంటి మధ్యా నడిచి తనకి కావలసిన వేడి తానే ఎంచుకుంటుంది. ఆ ఎంపిక చెడకుండా చూడడమే నా ఉద్యోగం.

అమ్మమ్మగారికి మొదటినుంచీ నా మీద నమ్మకం లేదు. ఓ రోజు తొట్టిలో అరచెయ్యి ఆనించి చూశారు. "ఏటే అమ్మడూ, ఇది వేడా? నా చేతికి తెలియనే లేదు. ఇంకాస్త పెంచు."

అన్నం ఉడికిందో లేదో, పెనం కాగిందో లేదో చేత్తో తేల్చే మనిషి ఆవిడ. కానీ ఇక్కడ చెయ్యి పనికిరాదు. మనిషి అరచేతి చర్మం కూడా 32, 34 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందుకే గెక్కోకి సరిపోయే నేల మన చేతికి వెచ్చగానూ తగలదు, చల్లగానూ తగలదు. మ్యాట్ పనిచెయ్యడం లేదనుకుని వేడి పెంచేది ఇలాంటప్పుడే. కాలుతున్నా కదలకుండా అక్కడే పడుకుని పొట్ట కాల్చుకున్న సరీసృపాలు పశువైద్యులకి కొత్త కాదు. పాప వేడి పెంచలేదు. పెంచనందుకు నేను సంతోషించాను.

అసలు గండం నన్ను పట్టి ఉంచే దాంతో వచ్చింది. మొదట నన్ను రబ్బరు సక్షన్ కప్పుతో లోపలి అద్దానికి అంటించారు. రోజూ కాగి చల్లారే గాజు మీద రబ్బరు పట్టు సడలుతుంది. ఓ మధ్యాహ్నం జారి, చల్లటి మూలనున్న నీళ్ళ గిన్నెలో పడ్డాను. గిన్నెలో చల్లగా ఉంది, అదే చెప్పాను. పెట్టె నా మాట నమ్మి మ్యాట్‌కి కరెంటు వదిలింది, ఇక ఆపలేదు. నేను చల్లగా ఉందని చెబుతూనే ఉన్నాను, అవతలి మూల కాగుతూనే ఉంది. నేనూ పెట్టే ఎవరి పని వాళ్ళం సక్రమంగా చేస్తున్నాం.

పాప బడి నుంచి వచ్చేసరికి పులిహోర పట్టపగలు గూట్లోంచి బయటికొచ్చి, చల్లటి అద్దానికి ఒళ్ళంతా ఆనించి నోరు తెరిచి ఉంది. సందెవేళ దాకా బయటికి రాని ప్రాణి. పాప ఇంకేమీ చూడకుండా గోడ దగ్గరి ప్లగ్గు పీకేసింది. గెక్కోకి పారిపోవడానికి చల్లటి మూల ఉంది కాబట్టి బతికిపోయింది.

ఆ రాత్రి వాళ్ళ నాన్న నన్ను ప్లాస్టిక్ టేపుతో నేలకి అంటించాడు. గట్టిగా ఉంటానని ఆయన ధీమా. వేడికీ తడికీ టేపు అంచు లేచింది. బయటపడిన జిగురుకి పులిహోర ముందు కాలూ, మెడ కింది చర్మమూ అంటుకుపోయాయి. గింజుకున్నకొద్దీ ఇంకా చుట్టుకుంది. నాన్న టేపు పట్టుకుని లాగబోయాడు.

"లాగకు బాబూ, తోలు ఊడొస్తుంది!" అని అమ్మమ్మగారు కేకేశారు. కొబ్బరినూనె సీసా తెచ్చారు. మిషిగన్ చలికి అది గడ్డకట్టి ఉంది. అరచేతుల్లో రుద్ది కరిగించి, దూదిపుల్లతో టేపు అంచుల వెంట చుక్కచుక్కగా పట్టించారు. నూనెకి జిగురు వదులయ్యేదాకా పాప కాలు కదలకుండా పట్టుకుంది. టేపు ఊడింది, చర్మం నిలిచింది. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో నూనె కడిగేశారు. పంచాంగం సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. పాములు పెంచేవాళ్ళకి ఈ టేపు కష్టం మరీ బాగా తెలుసు. టేపుకి అంటిన పొలుసులు చర్మంతో సహా లేచొస్తాయి. ప్రాణి తిరిగే చోట జిగురు బయటికి కనిపించకూడదు.

చివరికి నన్ను తొట్టిలోంచి బయటికి పంపేశారు. మొదట అవమానమే అనిపించింది. తొట్టి అడుగున గాజుకీ మ్యాట్‌కీ మధ్య నా తల ఆనించి, తీగని అల్యూమినియం ఫాయిల్ టేపుతో అంటించారు. బయటివైపు కాబట్టి ఆ జిగురు పులిహోరకి అందదు. అది తవ్వినా, తోసినా, పైన మలవిసర్జన చేసినా నేను కదలను. తొట్టి నాలుగు మూలలా రబ్బరు కాళ్ళు పెట్టి కింద గాలి ఆడనిచ్చారు. లేకపోతే మ్యాట్ వేడి కిందే చిక్కుకుని గాజు పగలొచ్చు. మిగిలిన తీగని కాస్త వదులుగా చుట్టి బల్ల కాలికి కట్టారు. వాక్యూమ్ క్లీనర్ తగిలి తీగ లాగినా ఆ కుదుపు నా తలదాకా రాదు.

కానీ ఇక్కడ నాకు తెలిసేది మ్యాట్ వేడి. పులిహోర పొట్ట తగిలే నేల వేడి నాకు తెలియదు. నడుమ గాజు ఉంది, దాని మీద పలుచటి పలకరాయి ఉంది. అందుకని నాన్న వంటింట్లోని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని పలకరాయి మీదికి గురిపెట్టి చూస్తూ, అక్కడ 90 ఫారన్‌హీట్ వచ్చేదాకా పెట్టె మీది అంకెని కొంచెం కొంచెంగా జరిపాడు. నా దగ్గర అంకె అంతకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఎవరైనా పలకరాయి తీసి మందంగా మట్టి పోస్తే ఈ లెక్క చెడిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. నేను మాత్రం అదే అంకె చెబుతూ ఉంటాను.

నా తీగ తెగితే ఇంకో ముప్పు. తెగిన తీగలో నిరోధానికి అంతు ఉండదు, పెట్టె దాన్ని భయంకరమైన చలిగా చదువుతుంది. మంచి పెట్టెలు అది లోపమని గుర్తించి హీటర్ ఆపేస్తాయి. చవకరకాలు కొన్ని పూర్తి కరెంటు వదిలేస్తాయి. పెట్టెలో కరెంటు వదిలి ఆపే రిలే అతుక్కుపోతే నేను ఎంత మొత్తుకున్నా వినేవాడు ఉండడు. అందుకే జాగ్రత్తపరులు కొన్ని డిగ్రీలు పైన పెట్టిన రెండో థర్మోస్టాట్‌ని వరుసలో కలుపుతారు. తొట్టి కడిగేటప్పుడు మ్యాట్ ప్లగ్గు ముందు తీసి, ఆ తర్వాతే నన్ను కదపాలి. వేలాడుతున్న ప్రోబ్‌కి వేడి నడుస్తున్న మ్యాట్‌ని అప్పజెప్పకూడదు. నా మాటలో తేడా ఉందేమో చూడాలంటే దంచిన ఐసు, నీళ్ళు కలిపిన గ్లాసులో నా తల ముంచండి. సున్నా సెల్సియస్ దగ్గరగా చెప్పాలి, అక్కడి లెక్కలో 32.

ఇప్పుడు తొట్టి లోపల పలకరాయి మీద చిన్న థర్మామీటర్ ఒకటి వచ్చి కూర్చుంది. హీటర్‌తో దానికి సంబంధం లేదు. చూడడం, చెప్పడం, అంతే దాని పని. నా మీద నిఘా పెట్టారని మొదట్లో ఒళ్ళు మండింది. ఆ కోపం ఎక్కువ రోజులు నిలవలేదు. ఇంటి వేడంతా ఒక్కడి మాట మీద నడుస్తున్నప్పుడు, ఆ మాటని సరిచూసే ఇంకొకడు ఉండడం నాకూ మంచిదే. పాప పొద్దున్నే రెండు అంకెలూ చూస్తుంది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఉండే తేడాయే ఉంటే బడికి వెళ్ళిపోతుంది. తేడా మారిందంటే ముందు ప్లగ్గు పీకుతుంది. ఇద్దరిలో ఎవరిది తప్పో మ్యాట్ చల్లారాక తీరిగ్గా తేల్చుకోవచ్చు. తప్పు నాదేనని తేలినా నాకు చిన్నతనమేమీ లేదు.