లారీ ఎక్కిన మెట్రో

రవాణా సదస్సుల్లో ఈమధ్య ఒకటే జపం: సమీకృత రవాణా. బస్సు, రైలు, మెట్రో, ఆటో అన్నీ ఒక్క యాప్‌లో ఇమిడిపోతాయట. ఈ మహాకార్యానికి ప్రజా రవాణా సంస్థలే పెద్దరికం వహించాలట. వహించండి సామీ, వద్దన్నదెవరు? కాకుంటే ఓసారి మా సత్యవేడు దిక్కు వచ్చి వహించండి.

చెన్నై సెంట్రల్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగండి. అందాకా రైల్వే రాజ్యం. గేటు దాటితే ఆర్టీసీ రాజ్యం. రైలు వేళలు రాసేది ఒకరు, బస్సు వేళలు రాసేది ఇంకొకరు. ఈ ఇద్దరినీ కలిపే అసలు అథారిటీ షేర్ ఆటో అన్న. ఏ లోకల్ ఎంత లేటో ఆయనకు తెలుసు. వెనక అయిదుగురు కూర్చున్నా, తనకు అటొకరు ఇటొకరు ఆనుకున్నా, "రా అక్కా, శ్రీసిటీ, ఇంకొక్కరే" అంటూనే ఉంటాడు. సమీకృతమంటే ఇంతకంటే ఏం కావాలి?

ఆ శ్రీసిటీ పారిశ్రామికవాడలోనే ఆల్‌స్టమ్ రైలు బోగీల ఫ్యాక్టరీ ఉంది. చెన్నై, కొచ్చి, చివరికి సిడ్నీ మెట్రో రైళ్లు కూడా తయారైంది ఇక్కడే. 2016 జనవరిలో కొచ్చి మొదటి మెట్రో బోగీలు ఇక్కణ్ణుంచి లారీల మీద ఊరేగుతూ పోయాయి. మా నియోజకవర్గంలో మెట్రో ప్రయాణమంటే అదే, మెట్రోయే లారీ ఎక్కడం. సిడ్నీ బోగీకి తలుపు బిగించిన కుర్రాడు కంపెనీ బస్సు తప్పిపోతే మళ్లీ ఆటో అంచునే వేలాడాలి.

నగర రవాణాకంతా ఒకే అథారిటీ ఉండాలని చెన్నై కోసం 2010లో చట్టం చేశారు. అది తమిళనాడు చట్టం, సరిహద్దులోని ఊత్తుకోట ఇవతలికి రాలేదు. ఇటు ఆంధ్రాలో మన ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖవాళ్లయ్యారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, సంతోషం. అంతర్రాష్ట్ర సర్వీసుల్లో మాత్రం చెల్లదు. గడప దాటితే పక్క రాష్ట్రం వచ్చే ఊరికి ఇదెంత ముచ్చటైన షరతో!

యాప్ ఉంటే చాలంటారా? హెల్సింకీలో 2016లో పుట్టి లోకమంతా మెచ్చిన విమ్ యాప్ కంపెనీ 2024లో దివాలా తీసింది. తడ స్టేషన్ బయట ఓ నల్లబల్ల పెట్టండి చాలు. ఫలానా లోకల్‌కు ఫలానా బస్సు, రైలు లేటైతే బస్సు పది నిమిషాలు ఆగును అని సుద్దతో రాయండి. అందుకు స్టేషన్ మాస్టరూ డిపో మేనేజరూ ఫోన్లో మాట్లాడుకోవాలి. ఒకరి నంబరు ఒకరి దగ్గర లేకపోతే ఆటో అన్ననడగండి, ఇద్దరివీ ఇస్తాడు.