ఈశాన్యంలో బోరు, పక్కింటి వాయవ్యం

ఈ మధ్య మన భయాలకి చదువు అబ్బింది. ఇదివరకు పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాళ్ళు. ఎందుకని అడిగితే "ఏమోనండీ, మా అమ్మమ్మ అలా చేసేది" అని నవ్వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ నవ్వు పోయింది. ఏలూరు ఆర్.ఆర్.పేటలో ఏదో ఒక కొట్టు ముందు నిలబడి, గుమ్మానికి ఈ నిమ్మకాయా మిరపకాయలూ ఎందుకండీ అని అడిగి చూడండి. నిమ్మకాయలోని సి విటమిన్ నూలుదారం గుండా పైకెక్కి, గాల్లో కలిసి, కొట్లోకొచ్చే క్రిముల్ని చంపేస్తుందని జవాబొస్తుంది. జవాబు చివర ఒక ప్రశ్న కూడా తప్పకుండా ఉంటుంది: "పెద్దవాళ్ళు ఊరికే చెప్పారా?"

ఊరికే చెప్పలేదు, నిజమే. రాత్రిపూట ఇల్లు ఊడవకూడదన్నది ఆముదం దీపాల నాటి మాట. ఆ గుడ్డివెలుతురులో ముక్కుపుడక రాయి చెత్తతో పోతే మళ్ళీ దొరకదు. ఇంటికి కరెంటొచ్చాక ఆ మాటకి పని అయిపోయింది. దణ్ణం పెట్టి సాగనంపితే చెప్పిన పెద్దవాళ్ళే సంతోషించేవాళ్ళు. మనం సాగనంపం. రిటైరైన మాటని వెనక్కి పిలిచి, 'నెగెటివ్ ఎనర్జీ' అని కొత్త హోదా ఇచ్చి, బంధువుల వాట్సాప్ గ్రూపులో కుర్చీ వేసి కూర్చోబెడతాం. ఇక నిమ్మకాయ సంగతంటారా, సి విటమిన్ నీళ్ళలో కరుగుతుంది గాని గాల్లోకి ఎగరదు. కొల్లేటి తేమగాలికి ఆ కాయ నాలుగు రోజులకే బూజు పడుతుంది. క్రిముల్ని తరమడానికి కట్టింది కాస్తా క్రిములకే విందవుతుంది.

మనిషన్నాక ఏదో ఒక చాదస్తం ఉంటుంది, దాని మీద నాకు పేచీ లేదు. ఇంటికి తాళం వేసి లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ లాగే మావయ్య ప్రతి కుటుంబంలోనూ ఉంటాడు. బస్సు గుండుగొలను దాటాక "గ్యాస్ కట్టానా లేదా?" అని గుండెలు బాదుకునే పిన్నీ ఉంటుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బోణీ బేరం అప్పు రాయనంటే రాయననే వ్యాపారి, అదే ఊళ్ళో నిట్‌లో చదువుతూ సెమిస్టర్ పరీక్షలన్నిటికీ ఉతకని ఒకే చొక్కా వేసుకెళ్ళే కుర్రాడు, వీళ్ళందరూ మనవాళ్ళే. కుర్రాడి పక్క బెంచీవాడికి కాస్త ఇబ్బంది, అంతే. నాకూ ఒకటుంది గాని చెప్పను, చెబితే పనిచెయ్యదు.

పేచీ ఎక్కడంటే, భయం మనదీ, దాని ఖర్చు పక్కవాడిదీ అయినప్పుడు.

వాస్తు తీసుకోండి. బోరు ఈశాన్యంలో ఉండాలి, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో ఉండాలి. మేస్త్రీ నుంచి అప్పిచ్చే బావమరిది దాకా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇది. ఒక తెల్లకాగితం మీద, వీధి వెంబడి, పడమర నుంచి తూర్పుకి నాలుగిళ్ళు గీయండి. మొదటి ఇంటాయన ఈశాన్యం మూల ఎక్కడ ముగుస్తుందో, ఆయనకి తూర్పున ఉన్న ఇంటి వాయవ్యం మూల సరిగ్గా అక్కడే మొదలవుతుంది. మధ్యలో ఇటుక మందం గోడ. ఆ గోడకి ఇటు ఈయన బోరు, అటు ఆయన సెప్టిక్ ట్యాంకు. ఆయన బోరు పక్కన మూడో ఇంటివాళ్ళ ట్యాంకు. ఎవరూ శాస్త్రం తప్పలేదు. వీధి వీధంతా నియమం తప్పకుండా పక్కవాడి బోరుకి నైవేద్యం పెడుతోంది. ఇంకిపోయే మురుగుకీ తాగునీటి బావికీ మధ్య తక్కువలో తక్కువ 15 మీటర్లన్నా ఉండాలని ఇంజనీర్లు మొత్తుకుంటారు. రెండు సెంట్ల ఇంటి స్థలమంటే 97 చదరపు గజాలకి కాస్త తక్కువ. అంత స్థలంలో మామూలుగా ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా కొలిచినా 15 మీటర్లు రావు.

పెద్దవాళ్ళు చెప్పారంటారు. ఏ పెద్దవాళ్ళు? మయుడు సెప్టిక్ ట్యాంకు చూడలేదు. మన తాతముత్తాతలు చెంబు పట్టుకుని ఊరవతలికి వెళ్ళారు, బావి ఊళ్ళో ఉంది. వాళ్ళ పద్ధతిలో బావికీ దొడ్డికీ మధ్య అరమైలు దూరం ఉండేది. మనం ఆ దూరాన్ని తీసేసి దిక్కుల్ని మాత్రం ఉంచుకున్నాం.

కైకలూరు, మండవల్లి వైపు చెరువుగట్ల మీద దిష్టిబొమ్మలు కనిపిస్తాయి. వాటినీ నేనేమీ అనను. ఆ గట్టు మీద పాకలో పడుకునే రైతు భయం ఎలాంటిదో తెలిస్తే ఎవరికైనా గౌరవమే కలుగుతుంది. రాత్రంతా నీళ్ళలోని నాచూ చేపలూ కలిసి ఆక్సిజన్ని వాడేస్తుంటాయి. ఎండ లేదు గనక నాచు కొత్తది తయారుచెయ్యదు. తెల్లవారుజాముకి అది అడుగంటుతుంది, పగలంతా మబ్బు పట్టిన రోజు రాత్రయితే మరీను. అందుకే మూడు గంటలకి లేచి టార్చి వేసి నీళ్ళవంక చూస్తాడు. ఏరియేటర్ చప్పుడు ఆగితే నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తాడు. భయమంటే ఇదీ. దీనికి మందు జనరేటర్లో డీజిల్, అంతకు మించి ఏమీ లేదు.

ఆ రైతు బయటివాళ్ళని గట్టెక్కనివ్వడు. దిష్టి తగులుతుందంటాడు. సాగు తెలిసినవాళ్ళూ ఎక్కనివ్వద్దనే అంటారు, కాళ్ళకి అంటుకుని రొయ్యల వైరస్ వస్తుందని. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి టైగర్ రొయ్యని తుడిచిపెట్టేసినప్పుడు ఆ పాఠం అందరికీ గట్టిగానే అందింది. దిష్టికీ సైన్సుకీ ఈ ఒక్కచోట సంధి కుదిరిందని ఒప్పుకోవాలి. ఆ సంధి కాలవగట్టు దాకానే. చెరువులో జబ్బు తగిలిన మర్నాడు కొందరు అవే నీళ్ళని గుట్టుగా కాలవలోకి తోడేస్తారు, కింది చెరువువాడు అవే నీళ్ళు పెట్టుకుంటాడు. పక్కవాడి కన్ను మనకి తగులుతుందని భయం గాని, మన నీళ్ళు పక్కవాడికి తగులుతాయని భయం లేదు.

ఊరు మొత్తం కూడా ఇదే తరహా. ఏలూరు మురుగు కొల్లేరు చేరుతుంది. విజయవాడ వైపు నుంచి బుడమేరు తన వంతు తెస్తుంది. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా ఇచ్చారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు, 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఇంత చేసినా మురుగు మాత్రం రాహుకాలం చూసుకోకుండా రోజూ వెళుతూనే ఉంది. కొల్లేటి చేప ఆదివారం పులుసై ఏలూరుకి తిరిగొస్తుంది. ముక్క నోట్లో పెట్టుకునే ముందు కంచం చుట్టూ దిష్టి తీసినవాళ్ళని నేనైతే చూడలేదు.

బండ్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కొత్త మోటారు సైకిలు కొనగానే ద్వారకా తిరుమల తీసుకెళ్ళి పూజ చేయించి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తారు. నంబరు కూడితే ఎనిమిది రాకూడదని రవాణా శాఖకి అదనపు రుసుం కట్టి మరీ మంచి నంబరు తెచ్చుకుంటారు. తిరుగు ప్రయాణంలో హెల్మెట్ అద్దానికి వేలాడుతూ వస్తుంది. హెల్మెట్ తలకి పెట్టుకోమని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది, కాని ఆ చట్టం రాసినవాళ్ళు పెద్దవాళ్ళు కారు కదా.

ఈ భయాలన్నిటిలోకీ నీచమైనది ఒకటుంది, దాన్ని వెక్కిరించడానికి కూడా మనసొప్పదు. భర్త పోయిన ఆడమనిషి ఎదురైతే ప్రయాణం మానుకోవడం, పెళ్ళిలో ఆవిడ ముందు వరసలోకి రాకుండా చూడడం. ఎవరూ పైకి అనరు. "అత్తయ్యగారూ, మీరు లోపల కూర్చోండి, ఇక్కడ ఉక్కపోత" అంటారు. ఆవిడా అర్థం చేసుకుని లోపలికే వెళుతుంది. ఏలూరుకి దగ్గర్లోనే ఉన్న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నూట నలభై ఏళ్ళు దాటాయి. ఆ రోజు పెళ్ళికూతురై పీటల మీద కూర్చున్న మనిషిని ఈనాటికీ వంటింటి గుమ్మంలో ఉక్కపోత పేరుతో కూర్చోబెడుతున్నాం. దీని వెనక ఏ విటమిన్ ఉందో వాట్సాప్ పండితులు ఇంతవరకు సెలవివ్వలేదు.

మనం సరైన దానికి భయపడ్డ వారం కూడా ఒకటి ఉంది. 2020 డిసెంబరు 5న ఏలూరు దక్షిణపు వీధిలో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోవడం మొదలైంది. వారం పది రోజుల్లో ఐదువందల మందికి పైగా ఆస్పత్రిలో చేరారు. ఒక ప్రాణం పోయింది. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. నీరీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు వచ్చి నీళ్ళూ కూరగాయలూ పట్టుకెళ్ళారు. తరవాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్ళింది. ఆ నాలుగు రోజులూ ఊరంతా కుళాయి వంక, కూరల బుట్ట వంక అనుమానంగా చూసింది. వంకాయని మూడుసార్లు కడిగింది. అమావాస్యకి కొట్టే గుమ్మడికాయ కన్నా ఆ మూడుసార్లు కడగడం ఎక్కువ రక్ష.

సంక్రాంతి వచ్చేసరికి మర్చిపోయాం. ఇప్పుడు ఆ మాట ఎత్తితే "ఆ నెల గ్రహాలు బాగులేవండీ, గురుడూ శనీ కలిశారు" అనే మేధావులున్నారు. ఆకాశంలో గురుడూ శనీ అన్నిటికంటే చేరువగా కనిపించింది డిసెంబరు 21న. రోగం పదహారు రోజులు ముందే వచ్చింది. గ్రహాలు అడ్వాన్సు తీసుకుని పనిచేశాయన్నమాట.

నిమ్మకాయ తీసెయ్యమని నేను అడగను, తీస్తే మీకు నిద్రపట్టదు. ఒక్క పని చెయ్యండి. మీ వీధి కుళాయి నీళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, అందులో ఏం తేలింది, మీ మురుగు ఎక్కడికి పోతోంది అని కార్పొరేషన్ ఆఫీసులో ఒక అర్జీ పెట్టండి. సమాచార హక్కు చట్టం కింద రుసుం పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. వర్జ్యం చూసుకునే బయల్దేరండి, పిల్లి ఎదురొస్తే ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళండి. ఆ తాగే నీళ్ళ గురించే కదా అడగబోతున్నారు. రసీదు మాత్రం మర్చిపోకుండా తీసుకోండి.