చెట్టులేని గీతగాడు

నేను కొండపల్లి బొమ్మను, తాడిచెట్టెక్కు కల్లుగీతగాడను. అయితే చెట్టు లేదు. నడుమున మోకు, వెనుక ముంత, శూన్యమును కౌగిలించుకొనిన రెండు చేతులు: ఇదియే నా ప్రస్తుత స్వరూపము.

నా జన్మవృత్తాంతము దీర్ఘమైనది కాదు. తెల్లపొణికి కఱ్ఱను సెగపై ఆరగట్టి, అవయవములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగులు దిద్దిరి. దిద్దినవాడు ఏ చిత్రకళాశాల గడపయు త్రొక్కలేదు. తండ్రి చేతిని చూచి నేర్చెను.

కోసెడు దూరముననున్న ఇబ్రహీంపట్నమునకు నన్ను తెచ్చినది ఒక ముత్తైదువ. ఆమె బొమ్మల కొలువులో దశావతారములది పైమెట్టు, అంబారీ యేనుగుది నడిమెట్టు, ఎడ్లబండి ప్రక్కన నాది అట్టడుగు మెట్టు. అందులకు నాకు చింత లేదు; పసిపిల్లల కన్ను ముందుగా పడునది ఆ మెట్టుమీదనే గదా! సంక్రాంతి మూడునాళ్లును వీధితలుపు బార్లా తెరచి, పేరంటమునకు వచ్చినవారికి పసుపు కుంకుమలతోను శనగలతోను పాటు తన సొత్తును కన్నులపండువుగ చూపి పంపుట ఆ తల్లికి తెలిసినట్లు, ఎన్ని ప్రదర్శనశాలల అధికారులకు తెలియునో నేను చెప్పజాలను.

ఆమె పోయిన పిమ్మట నాకు అటకయే గతి యయ్యెను. గోనెసంచిలో చింతపండు బుట్టక్రింద ఎన్ని సంక్రాంతులు గడచెనో లెక్క తెలియదు. క్రింద గొబ్బిపాటలు వినబడినప్పుడెల్ల, ఈమారు దింపుదురని ఆశపడుచుంటిని. ఒకనాడు దింపిరి, వెల్ల వేయుటకై. నా తాడిచెట్టు ఆనాడే పొయ్యిలోనికి పోయెను. నేను వెలిసిపోతినని జాలిగొన్న కుమారరత్నము, కిటికీలకు పూయగా మిగిలిన ఎనామిల్ రంగును నాకు నఖశిఖపర్యంతము పులిమెను. ఆకుపచ్చని గీతగానిని కృష్ణాతీరమున ఎవరైన చూచిరా? కడకు “విరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదు, కృష్ణలో కలిపేసిరా” అని ఎవరో అనగా, నన్ను ఫెర్రీ రేవునకు కొనిపోయి నీట విడిచిరి. తెల్లపొణికి తేలిక, మునుగలేదు. అలలు నన్ను తెచ్చి మెట్టుపై పడవేసినవి. లోపలి నీటిరంగు కరగిపోకుండ కాచినది ఆ పాపిష్ఠి ఎనామిలే యని ఒప్పుకొనక తప్పదు.

స్నానమునకు వచ్చిన డ్రాయింగు మాష్టారొకరు నన్నెత్తి తువాలున చుట్టుకొనిరి. ఆయన నాకు క్రొత్త రంగు వేయలేదు, క్రొత్త చెట్టును తగిలింపలేదు. పదిదినములు దూదితో మెల్లమెల్లగ తుడువగా, పచ్చదనము క్రిందినుండి ఒక కనుబొమ బయటపడెను. రెండవది దొరకలేదు. వసారాలోని అద్దాల బీరువాలో నావంటి క్షతగాత్రులు మఱికొందరు కలరు. ఆదివారము నాడు తలుపు తెరచియుండును, ఎవరైన రావచ్చును.

వచ్చినవారికి మాష్టారు చెప్పు కథలలో నాకు ప్రీతియైనది నకాషీ పటములది. ఆ పటములను చూపి కథలు చెప్పు కథకులు, పాతబడిన పటమునకు పూజచేసి నదిలో కలుపుదురట! నా తోడివారే. అట్టి పటములను, ఇంకెన్నో కళాఖండములను హైదరాబాదున సేకరించిన జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు 1976లో ఆ సంపదను ధర్మనిధికి ఒప్పగించి మ్యూజియము చేసిరి. జాన్ ద్యుబుఫే యను ఫ్రెంచి చిత్రకారుడు, కళాశాలల చాయకు పోనివారి చిత్రములను కూర్చి 1971లో స్విట్జర్లండునందలి లొజాన్ నగరమునకు దానమీయగా, అచ్చటి శాల తలుపులు తెరచినదియు 1976లోనే. నేను ఆ యేడు ఎచ్చటనుంటినో అడుగవలదు. చింతపండు బుట్టక్రింద కాలెండరు లేదు.

కూర్చినవారికి పేరు నిలిచినది, సంతోషమే. నా ముందరి చీటీపై మాత్రము మాష్టారు ముత్యములవంటి అక్షరములతో “కొండపల్లి, చేసినవారు తెలియదు” అని వ్రాసిరి. అబద్ధము వ్రాయలేదు గాని, ఆ చీటీని చూచినప్పుడెల్ల మనసు చివుక్కుమనును.

మొన్నటి ఆదివారము ఒక చిన్నపిల్ల వచ్చి, “తాతయ్యా, ఈయన దేన్ని పట్టుకుని ఎక్కుతున్నాడు?” అని అడిగెను. మాష్టారు జవాబు చెప్పక, నన్ను బయటికి తీసి ఆమె ముందుంచిరి. ఆ పిల్ల క్షణమాలోచించి, తన చూపుడువ్రేలిని నా చేతుల నడుమ నిలువుగ దూర్చెను.