మదర్‌బోర్డు పోయిందండి!

అంతర్వేది నుంచి మలికిపురం దాకా, రాజోలు మీదుగా అమలాపురం దాకా, సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే అవతల నరసాపురం దాకా, కంప్యూటర్లు బాగుచేసే ఏ చోటికైనా వెళ్లి "కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టామండి, అప్పట్నించీ డిస్‌ప్లే రావట్లేదండి" అని ఒక్క ముక్క అని చూడండి. మరలు విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది. "మదర్‌బోర్డు పోయిందండి, ఆయ్!" ఆ 'ఆయ్'లో ఎంత మర్యాద ఉంటుందంటే, మన జేబులోంచి పదివేలు పోతున్నా ఎవరో పరామర్శకి వచ్చినట్టే ఉంటుంది.

నిన్న రాత్రి దాకా నిక్షేపంలా పనిచేసిన బోర్డు, కొత్త కార్డు పెట్టిన గంటకే ఎందుకు పోయింది? ఎవరూ అడగరు. పొరపాటున అడిగినా "వోల్టేజీ అండి" అంటారు. వోల్టేజీ అన్నాక కోనసీమలో ఎదురు ప్రశ్న ఉండదు.

అసలీ కార్డు ఇంట్లోకి ఎలా వస్తుందో ముందు చూద్దాం. కాలేజీ సెలవులకి దిగిన పుత్రరత్నం భోజనాల దగ్గర మొదలెడతాడు. "నాన్నా, ఇప్పుడంతా ఏఐ. మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే నేర్చుకోలేం." ఇది పూర్తిగా అబద్ధం కాదు, అదే ఇందులోని గడుసుదనం. 1999లో ఎన్‌విడియా వాళ్లు జీఫోర్స్ 256ని 'జీపీయూ' అంటూ అమ్మినప్పుడు ఆటల్లో బొమ్మలు బాగా కదలడానికే అమ్మారు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ జాతి చిప్పుల మీదే కృత్రిమ మేధ లెక్కలు నడుస్తున్నాయి. లోకం ఆటల కోసం పుట్టినదాన్ని చదువుకి మళ్లించింది. మనవాడు చదువు పేరు చెప్పి కొన్నదాన్ని మళ్లీ ఆటలకే మళ్లిస్తాడు. సరే, వయసు. తండ్రికి సముద్రం వైపు రొయ్యల చెరువుంటుంది, లేదా తల్లి కువైట్‌లో ఉంటుంది. ముప్పై వేలు ఎక్కడో అక్కడ పుడతాయి.

ఈ తండ్రి లోకం తెలియనివాడేమీ కాదు. చెరువులో రెండు హెచ్‌పీ ఏరేటర్లు మరో నాలుగు దింపాలంటే ఎలక్ట్రీషియన్‌ని కూర్చోబెట్టి కూపీ లాగుతాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఆగుతుందా? కేబుల్ ఎంత మందంది? కరెంటు పోతే జనరేటర్ ఇంత లోడు లాగుతుందా? రాత్రిపూట ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అదే మనిషి, కొడుకు 170 వాట్లు లాగే కార్డు తెచ్చి కంప్యూటర్‌లో దోపుతుంటే "లోపల కరెంటిచ్చే డబ్బా ఏపాటిదిరా అబ్బాయ్?" అని ఒక్క మాట అడగడు. కార్డు అమ్మినవాడూ అడగడు. అతను అడిగేది ఒక్కటే: "బిల్లు కావాలాండీ, బిల్లు లేకుండా కావాలాండీ?"

ఆ డబ్బా పేరు ఎస్ఎంపీఎస్. రంగు దీపాలుండవు, అద్దంలోంచి కనబడదు, కాళ్ల దగ్గర చీకట్లో దుమ్ము పీలుస్తూ కూర్చుంటుంది. అందుకే దాని మీద ఎవరికీ మమకారం ఉండదు. క్యాబినెట్‌తో పాటు 'ఫ్రీ'గా వచ్చేదీ అదే. దాని నుదుట 450 అని బండ అంకెలు. ఆ అంకెల కింద చీమ తలకాయంత అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ప్లస్ 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉందనుకోండి. పన్నెండుతో హెచ్చవేస్తే 192 వాట్లు. కార్డూ ప్రాసెసరూ బతికేది ఆ గడి మీదే. కార్డుకి 170, మామూలు ప్రాసెసర్‌కి 65, వెరసి 235. మరి నుదుటి మీద రాసిన మిగతా వాట్లేవీ? 3.3 వోల్టుల గడిలో కొన్ని, 5 వోల్టుల గడిలో కొన్ని, స్టిక్కర్ అచ్చువేసినవాడి ఊహలో కొన్ని.

కథ ఇక్కడితో అయిపోదు. మదర్‌బోర్డు మీది స్లాటు కార్డుకి 75 వాట్లకి మించి ఇవ్వదు. ఆపైన కావాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నులదైతే ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150. ఫ్రీ డబ్బాకి అసలా తీగే ఉండదు. దాంతో మనవాడు పాత హార్డ్‌డిస్కుకెళ్లే సన్నటి తీగకి ఓ కన్వర్టర్ తగిలించి ఎనిమిది పిన్నులు పుట్టిస్తాడు. ఒక్కోసారి వెలుగుతుంది కూడా! ఇంట్లో అందరికీ చూపిస్తాడు, వాట్సాప్‌లో స్టేటస్ పెడతాడు. ఆటలో కారు మొదటి మలుపు తిరగ్గానే గదంతా చీకటి. తర్వాత ఎన్నిసార్లు స్విచ్చి నొక్కినా ఫ్యాన్లు ఒక్క చుట్టు తిరిగి ఊరుకుంటాయి. అది చావు కాదు మహాప్రభో, మొయ్యలేనని మొర. కాస్త సిగ్గున్న ఎస్ఎంపీఎస్ అయితే తనంతట తను ఆగిపోతుంది. సిగ్గులేనిదైతే ఆగకుండా కాలి, పోతూ పోతూ బోర్డుని కూడా వెంటబెట్టుకుపోతుంది. అప్పుడు షాపాయన మాట అక్షరాలా నిజమవుతుంది. జోస్యం చెప్పి, అది ఫలించేదాకా చేతులు కట్టుకు కూర్చోవడం కూడా ఒక విద్యే.

ఇంతకీ చాలా ఇళ్లలో జబ్బు ఇంత పెద్దది కానే కాదు. మానిటర్ తీగ పాత చోటే గుచ్చి ఉంటుంది. బోర్డు పోర్టులో తీగ, తెర మీద 'నో సిగ్నల్'. నాలుగంగుళాల కింద కొత్త కార్డు మూడు నాలుగు నోళ్లు తెరుచుకుని 'ఇక్కడ, ఇక్కడ' అంటూనే ఉంటుంది. ఈలోగా ర్యామ్ మారుస్తారు, హార్డ్‌డిస్కు పీకుతారు, దిష్టి తీసి నిమ్మకాయ కోస్తారు. పక్కింటి బాబాయిగారు "ఫార్మాట్ కొట్టించండి, అదే సర్దుకుంటుంది" అంటారు. తెరే వెలగని యంత్రానికి ఫార్మాట్ ఎలా కొడతారో అంతర్వేది నరసింహస్వామికే తెలియాలి.

నిపుణుల్లో మరో తెగ ఉంది. వీళ్లు కార్డు పీకేసి, తీగ బోర్డుకి గుచ్చి, "చూశారా, కార్డు తీసేసినా రావట్లేదు. బోర్డేనండి" అని తేల్చేస్తారు. ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉందో లేదో మాత్రం చూడరు. ఇంటెల్ వాళ్ల ఎఫ్ ప్రాసెసర్‌కి సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదు, కార్డు తీశాక తెర చీకటిగా ఉండటం దాని ధర్మం. ఇంత రుజువు దొరికాక బోర్డుకి ఉరిశిక్ష పడకుండా ఎలా ఉంటుంది?

రబ్బరు సంగతి మాత్రం వేరు. ర్యామ్ తీసి, బంగారు పూత పళ్లని బడిపిల్లల రబ్బరుతో రుద్ది పెట్టే వైద్యాన్ని హైదరాబాద్ వాళ్లు వెక్కిరిస్తే వెక్కిరించనివ్వండి. ఉప్పుగాలి ఇంట్లోకి రోజూ చుట్టంలా వచ్చిపోయే అంతర్వేదిలో కిటికీ ఊచలే పొరలు పొరలుగా ఊడతాయి, ఆ సన్నటి పళ్లొక లెక్కా? ఈ మొత్తం వైద్యశాస్త్రంలో అయిదు రూపాయలకి దొరికే నిజమైన మందు ఇదొక్కటే. అందుకే కాబోలు దాన్ని బిల్లులో ఎక్కించరు.

ఇక గోడ దగ్గరికి రండి. మూడు పిన్నుల ప్లగ్గు రెండు కన్నాల ఎక్స్‌టెన్షన్‌లోకి దూరడం లేదని పైనున్న లావు పిన్నుని కటింగ్ ప్లేయర్‌తో విరిచేసిన ఇల్లు మీకు తెలిసే ఉంటుంది. బహుశా మీదే అయి ఉంటుంది. ఆ ఇంట్లో క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. ఎర్త్ లేనప్పుడు ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల మీదుగా దాదాపు సగం వోల్టేజీ, అంటే 110 పైచిలుకు, ఇనప డొక్కు మీద తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి మనిషి జివ్వుమని బతికిపోతాడు. దానికి మన ఇంజినీరింగ్ పరిష్కారం: "చెప్పులేసుకుని ముట్టుకోరా!" నాలుగడుగులు తవ్వితే నీరు తగిలే ఊళ్లో ఎర్త్‌కి కరువు! అదే డొక్కులోకి అరచేయంత కార్డుని, కోట్లాది ట్రాన్సిస్టర్లున్నదాన్ని, ప్లగ్గు పీకకుండానే దోపుతారు. పైగా చెప్పులతో.

షాపులో భేషుగ్గా వెలిగి ఇంట్లో మొండికేసే యంత్రాలది ఇంకో పురాణం. నరసాపురంలో మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి చూపిస్తారు, వెలుగుతుంది. క్యాబినెట్‌ని నిలువుగా ఒళ్లో పెట్టుకుని పంటెక్కి, రేవు దిగి, బండి మీద అంతర్వేది దాకా గతుకులన్నీ లెక్కపెట్టుకుంటూ వస్తారు. నిలబెట్టిన క్యాబినెట్‌లో కార్డు అడ్డంగా, గాల్లో వేలాడుతూ ఉంటుంది. పెద్ద కార్డు కిలో పైనే తూగుతుంది. ప్రతి గోతికీ స్లాట్లోంచి వెంట్రుకవాసి బయటికి జరుగుతుంది. ఇంటికొచ్చేసరికి నో సిగ్నల్. క్యాబినెట్‌ని పడుకోబెట్టి తెస్తే కార్డు నిటారుగా నిలబడుతుంది, ఏ గొడవా ఉండదు. చెప్పేవాళ్లు లేరు. రోడ్డుని తిట్టేవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లు తిట్టేదీ న్యాయమే.

మన అంతర్వేది క్షేత్ర పురాణం అందరికీ తెలిసిందే. రక్తావలోచనుడనే రాక్షసుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రక్తావలోచనులు లేచేవారు. వాణ్ని కొట్టిన కొద్దీ వాళ్లు పెరిగేవారు. మన రిపేరు పద్ధతి అచ్చం అదే. ఒక లోపం కోసం ర్యామ్ మారుస్తారు, కొత్త ర్యామ్ ఈ బోర్డుకి కుదరదు. బోర్డు మారుస్తారు, పాత ప్రాసెసర్ దాని మీద కూర్చోదు. ప్రాసెసర్ మారుస్తారు, పాత పద్ధతిలో ఎక్కించిన విండోస్ కొత్త బోర్డు మీద లేవనంటుంది. సాయంత్రానికి ఒక జబ్బు అయిదవుతుంది, పాత యంత్రంలో మిగిలేది ఆ 450 డబ్బా ఒక్కటే. మరి నరసింహస్వామి ఏం చేశాడట? నెత్తురు ఇసుక మీద చిందకుండా రక్తకుల్య అనే పాయలోకి మళ్లించి, అప్పుడు సంహరించాడు. ముందు కొత్తవి పుట్టకుండా ఆపడం, తర్వాతే అసలువాడి పని పట్టడం. ఇన్ని వేలమందిమి ఏటా భీష్మ ఏకాదశికి రథం లాగుతాం, ఈ ఒక్క కిటుకు మాత్రం ఇంటికి తెచ్చుకోం.

కంప్యూటర్ భాషలో చెప్పాలంటే, ప్లగ్గు పీకి కార్డు తీసేయండి. పాతది పెట్టి, తీగ పాత కార్డుకే గుచ్చి చూడండి. వెలిగిందా? బోర్డు బతికే ఉంది, గొడవ కొత్త కార్డుకీ కరెంటుకీ మధ్య. వెలగలేదా? బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లు, సీఆర్2032, కాసేపు తీసి పెడితే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. పాత బోర్డయితే బయోస్ కొత్తది ఎక్కించాల్సి రావచ్చు. కొత్త బోర్డులు చాలావాటి మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి, ఎక్కడ ఆగిందో అక్కడి దీపం వెలుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ల చుట్టూ ఏడు రంగులు తిరుగుతున్నాయో లేదో చూసే కళ్లకి ఆ ఒక్క దీపం ఆనదు.

యంత్రం లేవనంటే బోర్డు పోయినట్టే కాదని లోకమంతా ఒకసారి చూసింది. 2024 జూలై 19న ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు లేవనన్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ పెద్ద మన హైదరాబాదీయే అయినా ఆ రోజు అంతే. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైలు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని చెరిపేస్తే యంత్రం లేచింది. అదృష్టం కొద్దీ ఆ పని మనవాళ్ల చేతికి రాలేదు, వస్తే 85 లక్షల మదర్‌బోర్డులు ఆర్డరు పెట్టేవాళ్లు.

ఇక వాట్ల సంగతి. 2025 అక్టోబరులో విశాఖకి గూగుల్ ఏఐ కేంద్రం వస్తోందని ఒప్పందాలు జరిగాయి. ఒక గిగావాట్ సామర్థ్యం, అంటే వంద కోట్ల వాట్లు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతారట. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ సరేసరి. మంచిదే, రానివ్వండి. ఆ వంద కోట్ల వాట్లు ఎక్కణ్నించి వస్తాయి, నీళ్లెన్ని తాగుతుంది అని టీకొట్టు దగ్గర గంటలకొద్దీ వాదిస్తున్నారు కదా, అదీ మంచిదే. ఇంటికెళ్లి మాత్రం 450 అని బొంకి 192 ఇచ్చే డబ్బాని పన్నెత్తి ఒక్క మాట అనరు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇంజినీరింగ్ చదివే బాబులారా! కార్డు కొనే ముందు ఎస్ఎంపీఎస్ మీద 12 వోల్టుల గడి చదవండి. బిల్లు అడిగి తీసుకోండి, లేకపోతే రేపు వారంటీ అని నోరెత్తలేరు. లావు పిన్ను విరవకండి. కొత్తది వారం రోజులు సవ్యంగా నడిచేదాకా పాత కార్డుని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యకండి. రేవు దాటే ముందు మానిటర్ తీగ ఎక్కడ గుచ్చారో ఒక్కసారి వంగి చూడండి. ఇవన్నీ చేశాక కూడా తెర వెలగకపోతే, అప్పుడు మదర్‌బోర్డుని తిడదాం. నేనూ వస్తాను.