జాయింట్ హోమ్ లోన్‌కి ముందు ఇంట్లోవాళ్లకు తెలియకుండా అప్పు దాచడం ఎలా?

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలంటే చాలా ఇళ్లలో ఇద్దరి జీతాలూ కలవాలి. జీతాలు కలవాలంటే ఇద్దరి పాన్ కార్డులూ ఒకే ఫైల్లోకి చేరాలి. పెళ్లిచూపుల్లో జీతం కాస్త పెంచి, పెళ్లయ్యాక కాస్త తగ్గించి, క్రెడిట్ కార్డు ఊసే ఎత్తకుండా సాఫీగా కాపురం నెట్టుకొస్తున్నవారికి ఇక్కడ చిక్కొచ్చిపడుతుంది. అలాంటివారి సౌకర్యార్థం కొన్ని సూచనలు.

1. సిబిల్ లేదనుకోవాలి

పర్సనల్ లోన్ సంగతి తనకూ ఫోన్లోని యాప్‌కూ తప్ప మూడో కంటికి తెలియదని ముందుగా గట్టిగా నమ్మాలి. 2000లో మొదలై, అందరి అప్పుల చిట్టా రాసిపెట్టే సిబిల్‌ను పట్టించుకోకూడదు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని అలాంటివే మరో మూడు సంస్థలున్నాయన్న సంగతి అసలే గుర్తుచేసుకోకూడదు. అప్పుల లెక్కలు పదిహేను రోజులకోసారి వీటికి పంపాలని 2025 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన అమల్లోకి తెచ్చింది. ఫోన్ కొన్న ఈఎంఐ, బ్యాంకులో బంగారం మీద తెచ్చిన లోన్ అందులోకి ఎక్కుతాయి. బాకీలో కొంత కట్టి రాజీపడి వదిలించుకున్న క్రెడిట్ కార్డు కూడా, రాజీపడినట్టుగానే, ఏళ్ల తరబడి అందులో కనిపిస్తూ ఉంటుంది.

అమెరికాలో ఎమ్మెస్ చదివే తమ్ముడి ఎడ్యుకేషన్ లోన్‌కి పెట్టిన సంతకం మరీ ప్రమాదం. ‘కట్టేది వాడే కదా’ అని అన్నగారు దాన్ని ఇంట్లో చెప్పి ఉండరు. చదువు సాగుతున్నంత కాలం ఈఎంఐ కూడా ఉండకపోవచ్చు. కానీ కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన రోజే ఆ అప్పు ఆయన ఖాతాలోనూ పడింది. లోన్ ఆఫీసర్‌కి మొదటి నిమిషంలోనే అది కనిపిస్తుంది. పక్క కుర్చీలో కూర్చున్న భార్యకు రెండో నిమిషంలో తెలుస్తుంది.

2. జీతం తక్కువ చెప్పుకోవాలి

అప్పు దాచేవాళ్లకన్నా ఆదాయం దాచేవాళ్లు మెరుగైన కళాకారులు. ‘ఈ ఏడాది ఇంక్రిమెంట్ వేయలేదు’ అని ఇంట్లో చెప్పి, ఆ తేడాను వేరే ఖాతాలోకి మళ్లించేవారు మగవారిలోనూ ఉన్నారు, ఆడవారిలోనూ ఉన్నారు. ఈ కళకు శత్రువు ఫారం 16. బ్యాంకులు సాధారణంగా రెండేళ్ల ఫారం 16, మూడు నెలల శాలరీ స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతాయి. అవన్నీ జిరాక్స్ తీసే పని భాగస్వామికి అప్పగించకుండా జాగ్రత్తపడాలి.

3. లెక్క వేయకుండా అడ్వాన్సు ఇచ్చేయాలి

ఈ సూచన పాటిస్తే ఫలితం రూపాయల్లో కనిపిస్తుంది. ఉదాహరణకు భర్త జీతం నెలకు 90 వేలు, భార్య జీతం 70 వేలు అనుకుందాం. ఉన్న ఈఎంఐలూ కొత్త ఈఎంఐ కలిపి జీతాల్లో సగం దాటకూడదని బ్యాంకు అంటే, వీళ్లకు నెలకు 80 వేల దాకా వీలుంటుంది. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకి లక్షకు సుమారు 868 రూపాయల ఈఎంఐ. అంటే 92 లక్షల దాకా అప్పు పుడుతుంది. ఆ ధీమాతో కోటీ పది లక్షల ఫ్లాట్ చూసి, బిల్డర్‌కి అడ్వాన్సు ఇచ్చేస్తారు.

75 లక్షలు దాటిన లోన్‌కి ఇంటి విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. కాబట్టి వచ్చేది ఎనభై రెండున్నర లక్షలు. మిగతా ఇరవై ఏడున్నర లక్షలు చేతి నుంచి పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం. ఆ మరో ఎనిమిది లక్షల పైచిలుకును ఇంటి విలువలో కలిపి బ్యాంకు లోన్ ఇవ్వదు. ఇదంతా ఇద్దరూ కూర్చుని, నానా తంటాలూ పడి సర్దుకున్నారు. అప్పుడు భర్తగారి 15 వేల రహస్య ఈఎంఐ బయటపడుతుంది. 80 వేలు 65 వేలవుతుంది, లోన్ 75 లక్షల దగ్గర ఆగుతుంది. ఏడున్నర లక్షల గొయ్యి మిగులుతుంది. అడ్వాన్సు మాత్రం అప్పటికే బిల్డర్ దగ్గర ఉంది.

4. బ్యాంకుకు కనపడనివాటి మీద ఆశ పెట్టుకోవాలి

పై మూడింట్లో ఓడినవారు నిరుత్సాహపడనక్కర్లేదు. ఏ సిబిల్‌కూ అందని అప్పులు తెలుగునాట కావలసినన్ని. బావమరిది దగ్గర చేబదులు ఉంది. ఊళ్లో నోటు రాసి తెచ్చిన రెండు రూపాయల వడ్డీ అప్పు ఉంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. హోమ్ లోన్ వడ్డీకి దాదాపు మూడింతలు.

చీటీలు ఇంకా శ్రేష్ఠం. 50 నెలల, ఐదు లక్షల చీటీని పదో నెలలోనే పాడుకున్నవారు మిగతా నలభై నెలలూ నెలకు పదివేల దాకా కట్టి తీరాలి. అయినా ఇంట్లో మాత్రం ‘చీటీ కడుతున్నా’ అని పొదుపు చేస్తున్న మొహం పెట్టొచ్చు.

తాకట్టు కొట్లోని నగలదీ ఇదే దారి. భార్య గొలుసు లాకర్లో భద్రంగా ఉందని చెప్పిన మాట గృహప్రవేశం ముహూర్తం దాకా నిలుస్తుంది. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని, భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వార్త వచ్చిన రోజు పేపరు దాచేయడం ఒక మార్గం.

అప్పు కాకపోయినా దాచదగ్గది మరొకటుంది: ఆవిడ తన తల్లిదండ్రులకు, ఆయన తన తల్లిదండ్రులకు నెలనెలా పంపే సొమ్ము. ఈఎంఐ మొదలయ్యాక ఎవరి వైపు తగ్గించాలన్న చర్చ ఇప్పుడే ఎందుకు, ఇరవై ఏళ్ల గడువుంది కదా!

5. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాలి

లోన్ కాగితాల మీద భార్య పేరు ఉండాలి, సేల్ డీడ్‌లో మాత్రం భర్త పేరొక్కటే ఉండాలి. అలా చేస్తే ఆవిడకు పూర్తి అప్పు బాధ్యత వస్తుంది, ఇంటి మీద హక్కు రాదు. పాత పన్ను విధానంలో సొంతానికి ఉండే ఇంటికి ఒక్కొక్కరికి రెండు లక్షల దాకా దక్కే వడ్డీ మినహాయింపు కూడా పోతుంది, ఎందుకంటే అది యజమానికే వర్తిస్తుంది. ఈఎంఐలు ఆగితే బ్యాంకు ఇద్దరిలో ఎవరి నుంచైనా మొత్తం బాకీ అడగొచ్చు. విడాకుల తీర్పు చూపించినా ఆ ఒప్పందం రెండు ముక్కలు కాదు.

ఇంత శ్రమ పడలేనివారికి

సిబిల్‌తో సహా ఆ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అడ్వాన్సు ఇవ్వకముందే ఇద్దరూ తమ తమ రిపోర్టులు తీసుకుని, చీటీలు, చేబదుళ్లు, తాకట్లు, ఇళ్లకు పంపే డబ్బు ఒక కాగితం మీద రాసుకుంటే పై సూచనలన్నీ వృథా అవుతాయి. రిపోర్టులో తమది కాని అప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. తమదే అయిన అప్పు పక్కవారి కంట పడితే మాత్రం, దానికి ఏ పరిహారమూ లేదు, ఏ గడువూ లేదు.