కావలివాళ్ళకు రాని భాష

హొసే రిజాల్ ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు. నాకు మాత్రం ఆయన దపితాన్ బడిపంతులుగానే ఎక్కువ దగ్గర. స్పెయిన్ పాలనను స్పానిష్‌లోనే కడిగేస్తూ రెండు నవలలు రాశాడు. జర్మన్ నుంచి షిల్లర్ నాటకాన్ని తన తల్లిభాష తగాలోగ్‌లోకి తెచ్చాడు. కక్షగట్టిన ప్రభుత్వం 1892లో ఆయన్ను మిందనావో దీవిలోని దపితాన్ అనే మారుమూల ఊరికి పంపేసింది. లాటరీలో తన వాటాకు వచ్చిన డబ్బుతో సముద్రం ఒడ్డున నేల కొని, అక్కడి పిల్లల్ని పోగుచేసి బడి పెట్టాడు. ఫీజు లేదు, తోటపని చేస్తే చాలు. లెక్కలు, ఈత, స్పానిష్, ఇంగ్లీషు. ఆ ఊళ్ళో ఇంగ్లీషుతో ఎవరికి పనుంది? అయినా నేర్పాడు.

నాలుగేళ్ళకు తిరుగుబాటు రేగింది. దానికి మూలం రిజాలేనని మనీలాలో సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. 1896 డిసెంబరు 29న సాంతియాగో కోటకు తల్లి, అక్కచెల్లెళ్ళు కడసారి చూపుకు వచ్చారు. పక్కనే కావలివాళ్ళు. తన చిన్న స్పిరిట్ స్టవ్వును జ్ఞాపకంగా ఉంచుకోమని చెల్లెలు త్రినిదాద్‌కు చెప్పి, దాని లోపల ఒకటుందని మెల్లిగా అన్నాడు. ఆ ఒక్క మాటా ఇంగ్లీషులో. కావలివాళ్ళకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే బగుంబయాన్ మైదానంలో కాల్చేశారు. ఆయనకు 35 ఏళ్ళు.

స్టవ్వులో మడతపెట్టిన కాగితం దొరికింది. స్పానిష్‌లో 14 చరణాల కవిత. పేరు లేదు, సంతకం లేదు. తెల్లారితే చావబోయే మనిషి తన దేశానికి చెప్పుకున్న వీడ్కోలు అది. చెల్లెలికి ఇంగ్లీషు రాకపోతే అది మనదాకా వచ్చేదా అని ఇప్పటికీ గుండె జారుతుంది.

1902 జూన్‌లో ఆ కవిత ఒక చట్టసభలో వినిపించింది. ఫిలిపినోలు అనాగరికులని వాదించే తోటి సభ్యుల ముందు హెన్రీ కూపర్ అనే ఆయన లేచి, ఇంగ్లీషు అనువాదం మొత్తం చదివాడు. ఇలాంటి మనిషిని కన్న జాతిని ఆ మాట ఎలా అంటారని నిలదీశాడు. సభ చప్పట్లు కొట్టింది. ఆయన గెలిపించాలనుకున్న బిల్లు గెలిచి, జులై 1న చట్టమైంది.

ఆ సభ వాషింగ్టన్‌లోది. స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్న ఫిలిప్పీన్స్‌ను అమెరికా ఎలా ఏలాలో తేల్చే బిల్లు అది.